ఆఖరి మెట్టు

మా ఆఫీసులో నా హోదా పేరు సొల్యూషన్ ఆర్కిటెక్ట్. అంటే ఏం చేస్తావురా అని మా అమ్మ అడిగితే ఇప్పటికీ సరైన సమాధానం చెప్పలేకపోయాననుకోండి, అది వేరే సంగతి.

2017 ఆగస్టులో ఓ సాయంత్రం, మా ఊరి కమ్యూనిటీ కాలేజీలో మొదటి క్లాసు. ఒక్కొక్కరూ లేచి తామేం చేస్తుంటారో చెప్పాలి. నా వంతు రాగానే అలవాటుగా "ఆర్కిటెక్ట్‌ని" అనేశాను. పంతులుగారు అరవై దాటిన మనిషి, ముప్పయ్యేళ్ళు ఇళ్ళు గీసినాయన. కళ్ళజోడు కిందకి దించి, "లైసెన్సు ఉందా?" అన్నాడు. లేదండీ, సాఫ్ట్‌వేర్‌లో అన్నాను. "మేం లైసెన్సు లేకుండా ఆ మాట వాడితే బోర్డు వాళ్ళు వెంటపడతారు. మీ జోలికి మాత్రం ఎవరూ రారు, అదేం అదృష్టమో" అన్నాడు. క్లాసంతా ఒకటే నవ్వు. మన దేశంలోనూ అంతే. 1972 ఆర్కిటెక్ట్స్ చట్టం ప్రకారం కౌన్సిల్లో పేరు నమోదు కానివాళ్ళు ఆ బిరుదు తగిలించుకోకూడదు. మనం మాత్రం ఐదేళ్ళ అనుభవం రాగానే తగిలించేసుకుంటాం. ఇంకో ఐదేళ్ళు పోతే ముందు "సీనియర్" కూడా చేరుతుంది.

ఇంతకీ ఎందుకు చేరానంటే గొప్ప కారణమేమీ లేదు. అమ్మా నాన్నా ఇక్కడికి వచ్చినప్పుడు మేడ మెట్లు ఎక్కే పని లేకుండా పెరట్లో ఓ గది వేయిద్దామని కాంట్రాక్టర్ని పిలిచాం. అతను నాలుగు కాగితాలు పరిచి గడగడా చెప్పుకుపోతుంటే, నేను ప్రతిదానికీ తలూపాను. ఆ గీతల్లో ఏది గోడో ఏది దూలమో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఆఫీసులో పిల్లలు రాసిన కోడ్ చదవకుండా సంతకం పెట్టనని పెద్ద పేరు నాకు. ఇక్కడ మాత్రం లక్ష డాలర్ల పైన ఖర్చుకి చదవకుండానే సంతకం పెట్టబోయాను! ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

కాలేజీలో చేరతానంటే మా ఆవిడ, "ఏవండీ, పిల్లాడు హైస్కూలుకొచ్చాడు, ఇప్పుడు మీకు కాలేజీ ఏంటండీ" అంది. ఓ మిత్రుడేమో, "బాస్, ఆ టైములో ఏదన్నా క్లౌడ్ సర్టిఫికేషన్ చేసుకోరాదూ" అన్నాడు. మనవాళ్ళలో చదువంటే నిచ్చెనే. పైకి ఎక్కించని చదువు చదువు కాదు.

కమ్యూనిటీ కాలేజీ అంటే మనవాళ్ళకి కాస్త చిన్నచూపు కూడా. పెద్ద యూనివర్సిటీలో సీటు రాని పిల్లలు పోయేచోటు అనుకుంటాం. అమెరికాలో ఇది వందేళ్ళ పైబడిన వ్యవహారం. 1901లో ఇల్లినాయ్‌లోని జోలియెట్‌లో మొదలైన కాలేజీ ఇప్పటికీ నడుస్తోంది. 1944లో జీఐ బిల్లు వచ్చి, యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి ప్రభుత్వం చదువు చెప్పించటంతో ఇవి బాగా పెరిగాయి. కాలిఫోర్నియాలో ఇప్పుడు 116 ఉన్నాయి. ఈ రాష్ట్రంలో నివాసులకి యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచీ అదే రేటు. అంటే మూడు యూనిట్ల క్లాసుకి 138 డాలర్లు, పైన ఏవో చిల్లర ఫీజులు. ప్రవేశ పరీక్ష లేదు, ర్యాంకు లేదు, సిఫార్సు లేదు. పద్దెనిమిదేళ్ళు నిండితే చాలు. ఎంసెట్ ర్యాంకుని ఇప్పటికీ మర్చిపోని మా తరానికి ఇది నమ్మబుద్ధి కాదు.

మొదటి సెమిస్టర్ అంతా చేత్తో గీయటమే. కంప్యూటర్ ముట్టుకోనివ్వలేదు. టీ స్క్వేరు, పెన్సిళ్ళు, త్రికోణపు స్కేలు. పావు అంగుళం అంటే ఒక అడుగు. నేను మొదట గీసిన గది చూసి ఆయన, "ఇందులోకి ఎలా వెళ్ళాలి?" అన్నాడు. తలుపు పెట్టటం మర్చిపోయాను. అప్పుడు తెలిసింది నాకు, ప్లాన్ అంటే పైనుంచి చూసిన బొమ్మ కాదట. ఇంటిని నేలకి నాలుగడుగుల ఎత్తులో అడ్డంగా కోసి, పై ముక్క తీసేసి చూసిన బొమ్మట. అందుకే కోతకి తగిలిన గోడలు ముదురు గీత, కింద ఉన్నవి లేత గీత. ఇరవై ఏళ్ళుగా బోర్డు మీద డబ్బాలూ బాణాలూ గీసి ఆర్కిటెక్చర్ అంటున్న నేను, నా గీతల్లో ఏది ముదురో ఏది లేతో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు.

తర్వాత నిర్మాణం క్లాసులు. ఇక్కడి ఇళ్ళకి ఎముకలు కర్రవి. టూ బై ఫోర్ అని అందరూ పిలిచే కర్ర నిజానికి ఒకటిన్నర అంగుళాలు, మూడున్నర అంగుళాలు ఉంటుంది. కోసినప్పుడు ఆ కొలత ఉంటుందట, ఆరి, చిత్రిక పట్టేసరికి ఇంతే మిగులుతుంది. పేరు మాత్రం మారలేదు. (మన వేరియబుల్ పేర్లు గుర్తొచ్చాయా?) ఆ కర్రల్ని పదహారు అంగుళాలకొకటి నిలబెడతారు. ఎందుకు పదహారు అంటే, ప్లైవుడ్ పలక ఎనిమిదడుగులు, అంటే తొంభయ్యారు అంగుళాలు, సరిగ్గా ఆరు పదహార్లు. పలక అంచు ఎప్పుడూ కర్ర మధ్యకే వచ్చి ఆగుతుంది. పడగ్గది కిటికీ గడప నేలనుంచి 44 అంగుళాలు మించకూడదు, తెరిస్తే మనిషి పట్టాలి. అగ్నిప్రమాదమైతే లోపలివాళ్ళు బయటికి దూకాలి, ఫైరు వాళ్ళు లోపలికి రావాలి. మన ఇళ్ళ కిటికీల ఊచలు తల్చుకుని ఆ రోజు కొంచెం భయమేసింది.

మా పంతులుగారు ఏం చూపించినా ఒకటే ప్రశ్న అడిగేవాడు: "ఈ బరువు చివరికి ఎక్కడికి పోతుంది?" పైకప్పు నుంచి దూలానికి, దూలం నుంచి గోడకి, గోడ నుంచి పునాదికి, పునాది నుంచి మట్టికి. మధ్యలో ఎక్కడ తెగినా ఇల్లు కూలుతుంది. ఓ వారం మొత్తం 1981 జులై 17న కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్లో కూలిన నడక వంతెనల గురించే చెప్పాడు. 114 మంది పోయారు. మొదట గీసిన దాని ప్రకారం పై వంతెన, కింది వంతెన రెండూ ఒకే పొడుగాటి కడ్డీకి వేలాడాలి. అంత పొడుగు కడ్డీకి మర చుట్టి బిగించటం కష్టమని తర్వాత దాన్ని రెండు ముక్కలు చేశారు. పై వంతెన కప్పుకి, కింది వంతెన పై వంతెనకి. చూడటానికి రెండూ ఒకటే. కానీ తాడుకి ఇద్దరు మనుషులు విడివిడిగా వేలాడటం వేరు, ఒకడు తాడు పట్టుకుంటే రెండోవాడు వాడి కాళ్ళు పట్టుకుని వేలాడటం వేరు. పై వంతెన కింద నట్టు మీద బరువు రెట్టింపయింది. ఆ మార్పు తర్వాత లెక్క మళ్ళీ ఎవరూ వెయ్యలేదు. "చివర్లో వచ్చిన చిన్న మార్పు" అన్న మాట వింటే నాకు ఇప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది. మన వృత్తిలో వారానికి నాలుగుసార్లు వింటాం.

సరే, అసలు సంగతికొస్తా.

క్లాసులో నాతోపాటు బల్ల పంచుకున్నవాళ్ళు ఎవరనుకున్నారు? పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, యూనివర్సిటీకి బదిలీ కావాలని. సైన్యంలోంచి వచ్చిన ఒకతను. పెరట్లో తన కోసం చిన్న ఇల్లు కట్టుకుని పెద్దిల్లు కూతురికిచ్చేద్దామనుకుంటున్న ఒక మామ్మగారు. మెక్సికో నుంచి వచ్చిన ఓ వడ్రంగి పెద్దాయన, పాతికేళ్ళుగా ఇళ్ళ చట్రాలు నిలబెట్టిన చేతులు. సొంతంగా కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలంటే అనుభవం ఒక్కటే చాలదు, పరీక్ష కూడా రాయాలి. అందుకోసం వచ్చాడు. పగలంతా పనిచేసి, బట్టలకి రంపపు పొట్టుతోనే క్లాసుకొచ్చేవాడు.

2018 వసంతంలో మెట్ల పాఠం. లెక్క తేలిక. కింది నేలనుంచి పై నేలకి ఎంత ఎత్తో కొలిచి, మెట్ల సంఖ్యతో భాగించటమే. ఒక్కో మెట్టు ఎత్తు 7¾ అంగుళాలు మించకూడదు. కాలు పెట్టే చోటు 10 అంగుళాలకి తగ్గకూడదు. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒకే మెట్లదారిలో అన్నిటికంటే ఎత్తయిన మెట్టుకీ, పొట్టి మెట్టుకీ మధ్య తేడా 3/8 అంగుళం దాటకూడదు. చిటికెన వేలు మందం కూడా కాదు. ఇంత పట్టుదల ఎందుకని నేనే అడిగాను. "మనిషి మొదటి రెండు మూడు మెట్లే చూసి ఎక్కుతాడు. తర్వాత కళ్ళు పనిచెయ్యవు, కాలు పనిచేస్తుంది. కాలికి ఒక కొలత నేర్పి, చివర్లో మోసం చెయ్యకూడదు" అన్నాడు.

ఆయన బోర్డు మీద లెక్క వేసి చూపిస్తుంటే, వెనకనుంచి వడ్రంగి పెద్దాయన మెల్లగా చెయ్యెత్తాడు. "పైన ఫ్లోరింగ్ ఎంత మందం వేస్తారు?" పంతులుగారు ఆగిపోయాడు. లెక్క కర్ర నుంచి కర్రకి వేశాడు, పైన వెయ్యబోయే ముప్పావు అంగుళం పలక కలపలేదు. ఆ లెక్కతో కడితే ఆఖరి మెట్టు ముప్పావు అంగుళం ఎత్తు ఎక్కువవుతుంది. "థాంక్యూ. నేను గీస్తాను, మీరు కడతారు, తేడా ఇదే" అంటూ చెరిపేసి మళ్ళీ రాశాడు.

నేను మాత్రం తెనాలిలో ఉన్నాను అప్పటికి.

మా ఇల్లు 1988లో కట్టాం. డాబా మీదికి బయటనుంచి మెట్లు. ఆ ఆఖరి మెట్టు ఎత్తు. మాకది ఎంత మామూలంటే, ఎక్కేటప్పుడు అందరం అక్కడ కాలు కాస్త పైకెత్తేవాళ్ళం. కొత్తగా వచ్చిన చుట్టాలు తట్టుకుంటే నవ్వుకునేవాళ్ళం. 2014 ఏప్రిల్లో అమ్మ వడియాల పిండి గిన్నె పట్టుకుని చీకటితోనే డాబా ఎక్కుతూ ఆ మెట్టుకి తట్టుకుని పడింది. కుడి మణికట్టు విరిగింది. కట్టు విప్పాక కూడా ఆ చెయ్యి మునుపట్లా తిరగలేదు. ముగ్గు వెయ్యటం మానేసింది. అప్పుడు ఇంట్లో అందరం ఏమన్నాం? "చూసుకుని ఎక్కొద్దా!" నాన్న అదే అన్నాడు. ఫోన్లో నేనూ అదే అన్నాను. అమ్మ కూడా, "అవున్రా, నాకే కాళ్ళల్లో కళ్ళు లేవు" అంది.

యూజర్ ఎర్రర్ అన్నమాట! ఆఫీసులో ఎవడన్నా ఆ మాటంటే, స్క్రీను అలా పెట్టింది మనమే కదా అని క్లాసు పీకేది నేనే.

ఆ డిసెంబరులో ఇంటికెళ్ళినప్పుడు టేపు పట్టుకెళ్ళాను. మొత్తం 18 ఎత్తులు. పదిహేడు ఆరున్నర అంగుళాలు, ఆఖరిది ఎనిమిదిన్నర. రెండంగుళాల తేడా! నాకు ఒళ్ళు మండిపోయింది. కిందికొచ్చి నాన్నతో, "ఆ మేస్త్రీకి లెక్క రాదు నాన్నా. అమ్మ చెయ్యి వాడే విరగ్గొట్టాడు" అన్నాను. నాన్న పేపరు మడిచి పక్కన పెట్టాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత చెప్పాడు. "మేస్త్రీ సరిగ్గానే కట్టాడురా. 96లో వానకి స్లాబు కారితే, డాబా మీద ఇంకో పొర కాంక్రీటు వేయించాం, గుర్తుందా? అప్పుడు కూడా వాడే వచ్చాడు. 'మాస్టారూ, డాబా లేపుతున్నాం కదా, మెట్లు కూడా లేపాలండీ' అన్నాడు. ఆ ఏడే మీ అక్క పెళ్ళి. చేతిలో డబ్బులు లేవు. తర్వాత చూద్దాంలే అన్నా. తర్వాత అలవాటైపోయింది."

ఇంకేం మాట్లాడను? పద్దెనిమిదేళ్ళు ఆగి అమ్మ పడింది. ఇంకో నాలుగేళ్ళు మేం ఆవిడనే అన్నాం. మేస్త్రీ అప్పటికే పోయాడు, క్షమించమని అడగటానికి కూడా మనిషి లేడు. నాన్న మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు. చేతిలో డబ్బుల్లేక "తర్వాత చూద్దాం" అనని వాడెవడు? మన సిస్టంలో అలా రాసిపెట్టిన వ్యాఖ్యలు ఎన్నున్నాయో వెతికితే తెలుస్తుంది, నావే వందలుంటాయి.

అమ్మ మాత్రం వంటింట్లోంచి అంతా వింటూనే ఉంది. బయటికొచ్చి, "అయితే నా తప్పు కాదన్నమాట" అంది. అంతే. మళ్ళీ లోపలికెళ్ళిపోయింది. ఆ ఒక్క మాట కోసం నాలుగు సెమిస్టర్లు చదివినా తక్కువే అనిపించింది.

మర్నాడు ఆ మేస్త్రీ కొడుకునే పిలిచాం, ఇప్పుడు అతనే పనులు చూస్తున్నాడు. మెట్లన్నీ పగలగొట్టక్కర్లేదని నా లెక్క. తేడా 3/8 లోపు ఉంటే చాలు కాబట్టి, పై ఆరు ఎత్తులూ కలిపి 41 అంగుళాలు, దాన్ని ఆరుతో భాగిస్తే ఒక్కోటి 6.83. కిందివాటికీ వీటికీ తేడా మూడో వంతు అంగుళమే. అంటే ఐదు మెట్లు లేపితే చాలు, మొదటిది మూడో వంతు అంగుళం, రెండోది మూడింట రెండు వంతులు, అలా ఆఖరిది ఒకటీ రెండు మూళ్ళ వరకూ. నేను ఫోన్లో ఇదంతా కొట్టి అతనికి చూపించేలోపు, అతను పురికొస తీసి ఆ ఎత్తుకి తెంపి, మూడు మడతలు పెట్టి, దాన్ని మళ్ళీ సగానికి మడిచి, గోడ మీద ఆరు గీతలు గీసేశాడు. నా అంకెలూ అతని గీతలూ సరిగ్గా ఒకచోటే పడ్డాయి. పాత పూత గొరిగి, కింద మాలు మందం మార్చుకుంటూ పైన ఒకే రకం టైలు వేశాడు. రెండు రోజుల పని, ఐదువేల లోపు ఖర్చు.

ఇప్పుడు నా గోడు కొంచెం వినండి. ఆ మెట్టు సంగతి తెలిసినవాడు మేస్త్రీ. వాడికి తెలుసు గానీ, వాడి మాటకి విలువ లేదు. ఎందుకు లేపాలో కాగితం మీద చూపించగల చదువు వాడికెవరూ చెప్పలేదు. మనకి ఇంజనీరింగ్ కాలేజీలకి కొదవా? సివిల్ చదివి కూడా తాపీ ముట్టుకోకుండా మాలో చేరినవాళ్ళు మా టీములోనే ముగ్గురున్నారు. గీసేవాడూ కట్టేవాడూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, కట్టేవాడు చెయ్యెత్తి గీసేవాడి తప్పు చెబితే, గీసేవాడు థాంక్యూ అని చెరిపి మళ్ళీ రాసే గది నేను మన దగ్గర చూడలేదు. హైదరాబాదులో హైటెక్స్ పక్కనే నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఉంది, 1998లో పెట్టారు, సైబర్ టవర్స్ తెరిచిన సంవత్సరమే. భవన నిర్మాణ కార్మికులకి పని నేర్పుతారక్కడ. మనలో వేలమంది రోజూ దాని ముందునుంచే ఆఫీసులకి పోతుంటారు. లోపల ఏముందో ఎంతమందికి తెలుసు?

సాయంత్రం క్లాసులకెళ్ళి నిజం ఆర్కిటెక్ట్ అయిపోవచ్చా అని అడిగేవాళ్ళ కోసం: కాలిఫోర్నియాలో డిగ్రీ తప్పనిసరి కాదు. కానీ చదువూ అనుభవం కలిపి ఎనిమిదేళ్ళ లెక్క చూపించాలి, నిర్ణయించిన విభాగాల్లో 3,740 గంటల అనుభవం నమోదు చెయ్యాలి, ఆరు భాగాల జాతీయ పరీక్ష, ఆపైన రాష్ట్రం పరీక్ష. నాకంత ఓపిక లేదు. నాకు కాగితం చదవటం వచ్చింది, అది చాలు. పెరట్లో గది కాగితాలు మళ్ళీ తీసి చదివితే, స్నానాల గది గుమ్మం దగ్గర మెట్టు ఉంది. తీయించేశాను. వడ్రంగి పెద్దాయన పరీక్ష పాసయ్యాడు. ఆ గది కట్టింది ఆయనే.

అన్నట్టు, మెట్లు ఆరాక అమ్మ డాబా ఎక్కింది. ఆఖరి మెట్టు దగ్గర అలవాటు కొద్దీ కాలు ఎత్తుగా లేపి, దబ్బున వేసింది. పడలేదు లెండి, పిట్టగోడ పట్టుకుని నవ్వింది. నాన్న ఇప్పటికీ అక్కడ కాలు ఎత్తుతూనే ఉన్నాడు.

ఈ శనివారం టేపు తీసుకుని మీ ఇంటి మెట్లు ఓసారి కొలవండి. ముఖ్యంగా ఆఖరిది.